పాడనిదానికి ఊపిరెందుకు

కంచు ఊపిరి తీసుకోలేదు. పోయినవారం మనం పిచ్చుకని సరిగ్గా అక్కడే వదిలి వచ్చాం. రిహార్సల్ మధ్యలో, కింది గొంతుల వరుసలో, నోట్లో పాట సగంలో ఉంది, చూపేమో పక్కనున్న స్నేహితురాలి భుజం మీద ఉంది.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. ఈ యూనివర్సిటీ గాయక బృందంలో ముప్ఫైమంది ఉన్నారు గానీ ఒక్కరి అసలు పేరూ హాల్లో వినపడదు. చేరిన మొదటివారంలోనే మాస్టారు ప్రతి గొంతుకీ ఒక పేరు పెట్టేస్తారు. పట్టా పుచ్చుకుని వెళ్ళేదాకా ఇక అదే పేరు. మన అమ్మాయి గొంతు దారప్పోగంత సన్నంగా ఉందని పిచ్చుక అన్నారు. ఆమె పక్కన కూర్చునే అమ్మాయి నోరు తెరిస్తే కిటికీ రెక్కలు అదురుతాయని కంచు అన్నారు.

ఇక దొంగ ఊపిరి సంగతి. బృందగానంలో కొన్ని స్వరాలు ఒక మనిషి ఊపిరికి అందనంత పొడుగ్గా సాగుతాయి. అందరూ ఒకేసారి ఊపిరి తీసుకుంటే పాట పుటుక్కున తెగుతుంది. అందుకని పక్కపక్కవాళ్ళు జోడీ కట్టి, నువ్వు ఈ అక్షరం దగ్గర తీసుకో, నేను ఆ అక్షరం దగ్గర తీసుకుంటాను అని ముందే ఒప్పందం చేసుకుంటారు. వినేవాళ్ళకి అసలెవరూ ఊపిరే తీసుకోనట్టు ఉంటుంది. చేరినప్పటినుంచీ పిచ్చుకకి జోడీ కంచు. పెళ్ళయి ఆర్నెల్లయినా మొగుడి గురక ఏ పక్కకి తిరిగితే ఆగుతుందో ఇంకా అంతుపట్టలేదు గానీ, కంచు భుజం ఏ అక్షరం దగ్గర లేస్తుందో పిచ్చుకకి నిద్రలో అడిగినా తెలుసు.

ఆ అక్షరం వచ్చింది, వెళ్ళింది. భుజం లేవలేదు. తరవాతి చోటా లేవలేదు. పెదాలు మాత్రం ముద్దుగా కదులుతున్నాయి.

రిహార్సల్ హాలు ఒకప్పుడు రసాయనశాల. బల్లలు తీసేసి మెట్లుమెట్లుగా కుర్చీలు వేశారు గానీ గోడ వెంట నీళ్ళ తొట్లు, అద్దాల తలుపుల బీరువాలు అలాగే ఉన్నాయి. ముసురు పట్టిన రోజు ఇప్పటికీ ఏదో ఘాటు వాసన వేస్తుంది. టీ తాగిన కప్పులు ఆ తొట్లలోనే కడగాలి, రోజుకొక జోడీ వంతు. ఆ రోజు వంతు వీళ్ళది కావడం కలిసొచ్చింది. అందరూ వెళ్ళేదాకా ఆగి, కొళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున పిచ్చుక అడిగింది.

“నువ్వు పాడటం లేదు కదూ?”

కంచు కప్పు తోముతూనే ఉంది. తోమిన కప్పునే మళ్ళీ తోమింది. “ఎవరు చెప్పారే నీకు?”

“నీ భుజమే చెప్పింది. నీ చోట నువ్వు ఊపిరి తీసుకోలేదు.”

కంచు నవ్వబోయింది. తుప్పు పట్టిన గడియ తీసినట్టు వచ్చింది ఆ నవ్వు. “పాడనిదానికి ఊపిరెందుకే,” అంది. “పెదాలు చూసుకున్నాను, మాటలు చూసుకున్నాను. ఇదొక్కటీ తట్టనేలేదు.”

తరవాత ముక్కలుముక్కలుగా సంగతంతా చెప్పింది. సెలవుల్లో గొంతు బొంగురుపోయింది. జలుబనుకుంది. ఎంతకీ తగ్గకపోతే గొంతు డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన సన్నని గొట్టం లోపలికి దింపి, తెర మీద చూపించాడు. మాట పుట్టే చోట అటొకటి, ఇటొకటి ఆవగింజంత కాయలు. మూడు నెలలు పాట మానెయ్యాలి, మాట తగ్గించాలి, గుసగుసలు అసలే వద్దు, అలా ఉంటే వాటంతటవే కరుగుతాయి అన్నాడు. ఉండకుండా గట్టిగా పాడితే ఇక జీవితాంతం ఇదే గొంతు అని కూడా అన్నాడు. అప్పటినుంచీ కంచు రోజూ వచ్చి, అందరితోపాటు లేచి నిలబడి, పెదాలు కదిపి వెళుతోంది. తను ఒక్కతే పాడవలసిన చోటు వచ్చినప్పుడల్లా, జలుబు మాస్టారూ, ఇవాళ్టికి దాటేద్దాం అని తప్పించుకుంటోంది.

నిజం చెప్పాలంటే పిచ్చుకకి ముందుగా కలిగింది జాలి కాదు, అనుమానం.

“మరి ఇన్నాళ్ళూ నా పక్కన పాడిందెవరు? నీ గొంతు పట్టుకునే కదా నేను పాడేది. నిన్న కూడా విన్నాను.”

కంచు తడి చేత్తో గోడవైపు చూపించింది. “నీ పక్కన నేను, నా పక్కన ఆ బీరువా. నీ గొంతే పోయి ఆ అద్దాలకి తగిలి మళ్ళీ నీ దగ్గరికే వచ్చింది. సెలవులయ్యాక నువ్వు పట్టుకున్నది నిన్నేనే పిచ్చి మొహమా.”

పిచ్చుక కొళాయి కట్టెయ్యడం కూడా మర్చిపోయింది.

ఈ పిల్ల ఎలాంటిదంటే, మొదటి ఏడు హాజరు పిలిచినప్పుడు పలికినా వినపడక, క్లాసులో ఉండి కూడా రానివాళ్ళ లెక్కలోకి వెళ్ళింది. తను దిగవలసిన చోట బస్సు ఆపమని అడగలేక, ఇంకెవరైనా దిగేదాకా కూర్చుని, అక్కణ్ణించి వెనక్కి నడిచేది. బృందంలో చేరింది కూడా పాడటానికి కాదు, ముప్ఫైమందిలో తనొక్కతే వినపడదన్న ధైర్యంతో చేరింది. గోడ పట్టుకుని నడిచే పసిపిల్లలా కంచు గొంతు పట్టుకుని, అది ఎత్తుకున్నాక ఎత్తుకుని, అది ఆగాక ఆగి, ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చింది. ఈ ఏడు కింది గొంతులు నిలబడ్డాయయ్యా అని మాస్టారు మెచ్చుకుంటే, ఆ మెప్పు పట్టుకెళ్ళి కంచు చేతిలో పెట్టింది కూడా. అప్పుడు కంచు కిటికీలోంచి బయటికి ఎందుకు చూసిందో ఇప్పుడు అర్థమైంది.

సరే, మాస్టారికి చెప్పేద్దాం పద, మూణ్ణెల్లే కదా అంది పిచ్చుక. కంచు తల అడ్డంగా ఊపింది. వార్షికోత్సవం ఇంకో వారం ఉంది. ఆ రోజు పడవవాడి పాటలో ఒంటరి గొంతు తనది. ఆ ఒక్కరోజు పాడటానికే ఇన్నాళ్ళూ నోరు కట్టుకుని కూర్చుంది. పాడాక ఏమైతే అది అవుతుంది.

“ఏమవుతుందో డాక్టరు చెప్పాడుగా.”

“చెప్పాడు. నువ్వూ ఒకటి విను. మా ఇంట్లో నలుగురం ఆడపిల్లలం. మా అమ్మ నన్ను పిలవాలంటే ముగ్గురక్కల పేర్లూ పిలిచి, నాలుగోసారికి నా దగ్గరికి వస్తుంది. ఈ హాల్లోకి వచ్చాకే, ఒక్క పిలుపుకి పలికే మనిషినయ్యాను. కంచు మోగదని తెలిస్తే ఇక నన్ను ఏమని పిలుస్తారే?”

పిచ్చుక కొళాయి కట్టేసింది. కంచు ఆ సందు చూసి ఒట్టు అడిగింది. మీ ఆయన మీద ఒట్టేయమంది. ఆయన మరీ కొత్తవాడు, ఇప్పట్నించే ఆయన మీద ఒట్లు వేయలేనని పిచ్చుక మొరాయించింది. ఇద్దరికీ నవ్వు వచ్చింది. నవ్వు ఆగేలోగా కంచు ఆమె చెయ్యి లాక్కుని తన మెడ మీద పెట్టుకుంది. “అయితే ఈ గొంతు మీద వెయ్యి. ఎవరికీ చెప్పనని.”

వేలి కింద ఆ మెడ వెచ్చగా ఉంది. పిచ్చుక ఒట్టు వేసింది.

ఇంటికి వెళ్ళే బస్సులో ఆమె బుర్ర ఒక చోట నిలవలేదు. స్నేహితురాలు చేజేతులా గొంతు పోగొట్టుకోబోతోందన్న దిగులు ఒకవైపు. ఇంకోవైపు, చెప్పుకుంటే సిగ్గు, కడుపులో ఎక్కడో ఒక చిన్న గంతు. నేనే పాడానట. రోజూ నేనే. ఆ దిగులుకీ ఆ గంతుకీ మధ్య దిగే చోటు వచ్చేసింది. ఇంకెవరూ లేవలేదు.

“ఇక్కడ ఆపండి,” అంది పిచ్చుక.

బొడ్డులోంచి ఊపిరి లాగి, దవడ వదులు చేసి, చివరి వరుసకి అందేలా అనడం మూడేళ్ళు నేర్చుకున్న మనిషి ఆ రెండు ముక్కలు అంటే ఎలా ఉంటుంది? డ్రైవరు ఉన్నపళాన బ్రేకు వేశాడు. ముందు సీటులో పెద్దాయన టోపీ ఒళ్ళో పడింది. ఏమైందమ్మా, ఎవరైనా పడిపోయారా అని ఆయన కంగారుగా అడిగాడు. ఎవరూ పడలేదండీ, నేను దిగాలి అని చెప్పి, మొహం ఎర్రబడగా దిగి, సందు మలుపు దాకా పెద్దమనిషిలా నడిచి, అక్కణ్ణించి ఇంటిదాకా పరుగెత్తింది.

ఇల్లంటే కళ్ళజోళ్ళ దుకాణం మీద రెండు గదులు. కింద దుకాణం వెనక గదిలో ఆమె భర్త అద్దాలు అరగదీస్తాడు. సాయంత్రం పైకి వచ్చేసరికి కనుబొమల మీద కూడా తెల్లటి పొడి ఉంటుంది. ఆ పొడిని తడిగుడ్డతో తుడవడం పిచ్చుక తనంతట తను పుచ్చుకున్న ఉద్యోగం. ఎడమ కనుబొమ తుడుస్తూ బస్సు కథ చెప్పింది. అతను పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆర్నెల్లనించీ మొత్తుకుంటున్నాను, నువ్వు పైన పాడితే కింద ట్రేలో అద్దాలు గలగలలాడతాయి, నమ్మవేం అన్నాడు. పొగిడాడో, ఫిర్యాదు చేశాడో తేలలేదు గానీ రెండూ బాగానే ఉన్నాయి.

కుడి కనుబొమ దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి నెమ్మదించింది.

“ఏమండీ, ఒకళ్ళు తెలిసి తెలిసి గోతివైపు నడుస్తున్నారనుకోండి. ఎవరికీ చెప్పనని మీరు మాటిచ్చేశారు. ఏం చేస్తారు?”

అతను ఎవరు, ఏమిటి అని అడగలేదు. అదే అతనిలో ఆమెకి నచ్చే గుణం. “చెప్పనని కదా మాటిచ్చింది,” అన్నాడు. “దారికి అడ్డం నిలబడనని ఇవ్వలేదుగా.”

మర్నాడు సాయంత్రం హాల్లో అడుగు పెట్టేసరికి మాస్టారు పియానో ముందు కూర్చుని ఉన్నారు. ఆయన హడావిడి మనిషి కాదు. కోపం వచ్చినా గొంతు పెంచరు, ఒక్కో మాట మధ్య దూరం పెంచుతారు. ఆ రోజు దూరాలు ఎక్కువగానే ఉన్నాయి. ఒంటరి గొంతు వినకుండా ఇన్ని రిహార్సల్స్ తనెప్పుడూ చేయలేదనీ, ఇవాళ పడవవాడి పాట మొదటినుంచి చివరిదాకా పూర్తిగా పాడాలనీ అన్నారు. జలుబు ఉందా లేదా అని కంచుని అడగనే లేదు. ఎలా ఉంటే అలాగే పాడమన్నారు.

కంచు తల ఊపింది. ఆ ఊపు చూడగానే పిచ్చుకకి సంగతి అర్థమైంది. వారం తరవాత దూకుదామనుకున్న గోతిలోకి ఇవాళే దూకడానికి సిద్ధపడిపోయింది ఈ పిల్ల.

ఆ పాట గురించి ఒకటి చెప్పాలి. తెల్లవారకముందు ఒక పడవవాడు కనపడని అవతలి ఒడ్డుని పిలుస్తాడు. ముప్ఫైమందీ నీళ్ళు. ఒకే అడుగు స్వరం మీద అలా పారుతూ ఉంటారు. ఆ నీళ్ళ మీద ఒక్క గొంతు లేవాలి. ఎప్పుడు లేవాలో మాస్టారు చెయ్యి ఊపి చెప్పరు. ఆ చోట ఆయన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారు. పిలవాలనిపించినప్పుడు పిలవాలి, అంతే.

నీళ్ళు పారడం మొదలయ్యాయి. కంచు వరుసలోంచి ఒక అడుగు ముందుకి వేసింది. పిచ్చుక ఆమె భుజం వైపే చూస్తోంది. ఇంకెవరూ చూడని చోట, మెడకింద, కంచు నరం ఒకటి టపటప కొట్టుకుంటోంది. మాస్టారి చేతులు ఒళ్ళోకి వెళ్ళాయి. కంచు భుజం లేచింది. ఈసారి నిజం ఊపిరి, నిండు ఊపిరి.

ఆ ఊపిరి గొంతుగా మారేలోపు పిచ్చుక పాడేసింది.

‘అవతలి ఒడ్డున ఎవరున్నారు, పలకండి.’

ఆమెకి ముందు ఎవరూ ఎత్తుకోలేదు. పట్టుకోవడానికి గోడ లేదు. మొదటి అక్షరం కాస్త వణికింది. రెండోది నిలబడింది. మూడోదానికి అద్దాల బీరువా ఒప్పుకుని బదులిచ్చింది. నీళ్ళుగా ఉన్నవాళ్ళు ఒక్క క్షణం తడబడ్డారు గానీ మాస్టారు ఆపకపోవడంతో పారుతూనే ఉన్నారు. చివరిదాకా పాడింది పిచ్చుక. కంచు తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచి, మెల్లగా మూసుకుంది. కంచు గొంతు దక్కింది. ఆమె మొహం చూస్తే మాత్రం అలా లేదు.

పాట అయింది. వెనక వరుసలో ఒక కొంటెవాడు, పిచ్చుక కంచుని మింగేసిందిరా అని గొణిగాడు. మాస్టారు అటు చూసేసరికి బూటు లేసు కట్టుకోవడంలో పడ్డాడు. ఇవాళ్టికి చాలు, మీరిద్దరూ ఉండండి అన్నారాయన. కుర్చీలు సర్దిన చప్పుడు, మెట్ల మీద అడుగులు, తలుపు పడిన చప్పుడు. ముగ్గురు మిగిలారు.

మాస్టారు పియానో మూత దించి, దాని మీద మోచేతులు ఆనించారు. అడిగింది కూడా నెమ్మదిగానే అడిగారు. ఇది మీరిద్దరూ అనుకుని చేసిన పనా, ఎవరో ఒకరు చెప్పండి, నాకు కోపం లేదు అన్నారు.

పిచ్చుక కంచు వైపు చూసింది. చెప్పు, నువ్వే చెప్పెయ్, ఒక్క మాటతో తేలిపోతుంది అని కళ్ళతో బతిమాలింది. కంచు ఆ చూపు అందుకోలేదు. పక్కకి తిరిగి, తొట్టి అంచున బోర్లించిన కప్పుల్ని చూస్తూ, బొంగురు గొంతుతో అంది.

“దానికి ఆ పాట మీద ఎప్పట్నించో కన్నుంది మాస్టారూ. జలుబు చేసిందని చూసి లాక్కుంది.”

పిచ్చుకకి నొప్పి వెంటనే తెలియలేదు. తలుపు సందులో వేలు నలిగితే మొదటి క్షణం తెలియదే, అలా. మూడేళ్ళుగా పక్కపక్కన, ఒకరి ఊపిరికి ఒకరు చోటిస్తూ నిలబడ్డ మనిషి. ఆ తరవాత తెలిసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“నిజమేనా అమ్మా?” అన్నారు మాస్టారు.

కాదనడం ఎంత తేలిక. కాదంటే మరెందుకు పాడావని అడుగుతారు. దానికి ఉన్నది ఒకటే జవాబు, ఆ జవాబు మీద ఒట్టు ఉంది. పిచ్చుక కళ్ళు తుడుచుకుంది. అబద్ధం ఆడటానికి సిద్ధపడి, వెనక వరుసకి కూడా అందేంత స్పష్టంగా అంది.

“అవును మాస్టారూ. ఆ పాట నాకు కావాలి.”

అన్నాక ఆమె ఉలిక్కిపడింది. అబద్ధమైతే నాలుక మీద ఇంత తీయగా ఉండదు. హాజరుకి పలకలేని పిల్ల, మొన్నటిదాకా బస్సు ఆపలేని పిల్ల, పెళ్ళిచూపుల్లో కూడా మీ ఇష్టమండీ అన్న పిల్ల, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నాకు ఇది కావాలి అంది. అది నిజం కూడా. కంచుని కాపాడటానికే లేచిన గొంతు, లేచాక దిగడానికి ఇష్టపడటం లేదు. కంచు చివ్వున తల తిప్పి ఆమెని చూసింది. తను అల్లిన అబద్ధం అబద్ధం కాకుండా పోవడం ఆమె కూడా విన్నది.

మాస్టారు ఇద్దరినీ మార్చిమార్చి చూశారు. ఆయన మొహంలో కోపం లేదన్న మాట నిజమే. ఏదో మెచ్చుకోలు కూడా ఉంది, అదే కొంప ముంచింది.

“మంచిది,” అన్నారు. “కావాలని అడగడం తప్పు కాదు. కానీ ఆ చోటు ఇన్నాళ్ళూ కంచుది. ఊరికే తీసి ఇవ్వలేను. రేపు పొద్దున ఇద్దరూ రండి. హాల్లో నేను తప్ప ఎవరూ ఉండరు. ఒకరి తరవాత ఒకరు పాడండి. నిండు గొంతుతో, దాచుకోకుండా పాడాలి. ఎవరి పాటయితే కిటికీ బయట దాకా వెళుతుందో వాళ్ళదే.”

నిండు గొంతుతో అంటే కంచు గొంతు రేపే పోతుందని పిచ్చుకకి తట్టింది. పోటీ వద్దు మాస్టారూ, నాకేమీ వద్దు, పొరపాటున అన్నాను అని వెనక్కి తీసుకోవడానికి నోరు తెరిచింది.

ఆమెకన్నా ముందు కంచు చేసంచీ భుజాన వేసుకుంది. తలుపు దాకా వెళ్ళి ఆగి, వెనక్కి తిరగకుండానే అంది.

“వస్తాను మాస్టారూ. ముందు నేనే పాడతాను.”